కారణం లేని ఇంటూ

బల్ల మీద ఫోను కదల్లేదు, వేలు దాని మీద ఆనలేదు, అయినా గడిలో తన రంగులో, తన పేరుతో ఒక ఇంటూ పడటం చూసి సుద్దముక్క ఉలిక్కిపడింది.

ఆ వెంటనే ఇంకొకటి పడింది. కాసేపు ఆగి, మరొకటి.

ఆమె ఉన్నది కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో. బల్ల మీద సగం అరగదీసిన అద్దం, దాని పక్కన మూత తీసిన లంచ్ బాక్సు. శనివారం భోజనాల వేళ బేరాలు పల్చగా ఉంటాయి కాబట్టి ఆ కాస్త సమయం ఆమె ముఠాకి ఇచ్చేసింది. ముఠా అనగానే కంగారు పడనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కలిసి తర్కం లెక్కలు విప్పే నలుగురు మనుషులు తమకి తాము పెట్టుకున్న పేరు ‘ఇంటూల ముఠా’. ఒకరి ముఖం ఒకరు ఎరగరు, గొంతులే తెలుసు. మాస్టారు రిటైరైన జామెట్రీ టీచరు. పైలట్ నడిపేది మాత్రం లారీ. సరుకు దించేచోట కూర్చుని ఆడతాడు. బేకరీ అక్క తెల్లవారకముందే పొయ్యి వెలిగించి, మధ్యాహ్నానికి చేతులు కడిగేసుకుంటుంది. నాలుగో మనిషి ఈమె. సుద్దముక్క అన్నది చిన్నప్పుడు నాన్న పెట్టిన ముద్దుపేరు. ముఠాలో చేరినప్పుడు పేరేమిటని అడిగితే ఎందుకో అదే నోటికొచ్చింది.

ఆట ఇలా ఉంటుంది. ఒక కథ, కొన్ని సూచనలు, పెద్ద గడుల పటం. ఫలానా మనిషి ఫలానా గదిలో ఉండే వీల్లేదని తేలితే ఆ గడిని ఒకసారి తాకాలి, ఇంటూ పడుతుంది. ఉన్నాడని తేలితే రెండోసారి తాకాలి, టిక్కు పడుతుంది. ఎవరి రంగు వాళ్ళది. ఒకరు పెట్టింది అందరికీ కనిపిస్తుంది. ఇంతవరకూ లోకంలో అందరూ ఆడేదే. వీళ్ళకి మాత్రం మాస్టారు పెట్టిన శాసనం ఒకటుంది: కారణం లేని ఇంటూ చెల్లదు. పెట్టినవాళ్ళు ఎందుకు పెట్టారో చెప్పాలి, ఇంకొకరు విని ‘సరే’ అనాలి. అప్పటిదాకా గుర్తు లేతగా ఉంటుంది, ఆ తర్వాతే ముదురుతుంది. ఊహించి గుర్తులు పెట్టి దొరికిపోయినవాళ్ళు ఇదివరకే ముఠా గడప దాటి వెళ్ళిపోయారు.

ఈ వారం లెక్క పేరు కొండమీది హోటల్. అయిదు గదులు, అయిదుగురు అతిథులు, వాళ్ళు తెచ్చుకున్న అయిదు వస్తువులు, పోయిన తాళంచెవి ఒకటి. వారమంతా తలలు బద్దలు కొట్టుకున్నా పటం సగం కూడా నిండలేదు. అలాంటి పటంలో ఇప్పుడు లేత ఆకుపచ్చ ఇంటూలు వానచినుకుల్లా ఒకటొకటిగా రాలుతున్నాయి. ఆకుపచ్చ ఆమె రంగు.

“ఏం అమ్మాయ్,” అని మాస్టారి గొంతు చెవిలో పలికింది, “కారణం చెప్పకుండా పెట్టుకుంటూ పోతున్నావు. మాకు లెక్కలు రావనుకున్నావా, మాటలు రావనుకున్నావా?”

“నేను కాదు మాస్టారూ.”

“నీ పేరే ఉందిగా.”

“నా చేతులనిండా అద్దం పొడి. ఫోను బల్ల మీద పెట్టాను. తాకనే లేదు.”

సుద్దక్క నిద్రలో కూడా ఇంటూలు పెడుతుందని తనకి ముందునుంచీ అనుమానమేనని పైలట్ నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. ఒక పేరు వెనక ఇద్దరు ఆడటమంటే ఊహించడం కంటే పెద్ద నేరమని, ముందు ఆ ఇంటూలన్నీ చెరిపేసి తర్వాత పంచాయతీ చూద్దామని అన్నారు.

“ఆగండి మాస్టారూ,” అంది బేకరీ అక్క. “చెరపకండి. ఆ పాటగాడి వరస చూడండి.”

పాటగాడికి రెండో గది, మూడో గది, నాలుగు, అయిదు, అన్నిటికీ ఇంటూలు. మొదటి గది ఒక్కటే ఖాళీ.

బేకరీ అక్క ఆలోచించేటప్పుడు ఏదో గొణుక్కుంటుంది. ఆ గొణుగుడు కాసేపు సాగి ఆగింది. సూచనల్లో చివర ఒకటి ఉంది: ‘ఆ సాయంత్రం నౌకరు ఏ గది ముందునుంచీ రెండుసార్లు నడిచి పోలేదు.’ అది కథలో అలంకారానికి రాసిన వాక్యమని అందరూ వదిలేశారు. గదులన్నీ ఒకే వరస, మెట్లు మొదటి గది వైపే ఉన్నాయి కదా, అంది బేకరీ అక్క. రెండో గదికి వెళ్ళాలన్నా మొదటి గది ముందునుంచి పోవాలి, వచ్చేటప్పుడూ దాని ముందునుంచే రావాలి. రెండుసార్లు ఎక్కడా నడవలేదంటే నౌకరు మొదటి గదిని దాటి వెళ్ళనే లేదు. నౌకరు చేత గదికి టీ తెప్పించుకున్నది పాటగాడు. కనక పాటగాడి గది మొదటిది.

కొబ్బరికాయ పగిలినట్టు లెక్క నడిమికి విచ్చుకుంది.

“సరే,” అన్నారు మాస్టారు. ఆ వరసలో ఇంటూలు ముదిరాయి.

అప్పటికే తర్వాతి వరసలో ఇంకో లేత ఇంటూ పడింది.

ఇక అక్కడినుంచి జరిగింది ముఠా చరిత్రలో ఎన్నడూ లేదు. ఎప్పుడూ కారణం ముందు, గుర్తు వెనక. ఇప్పుడు ఎవరో చీకట్లో లాంతరు పట్టుకుని ముందు నడుస్తున్నట్టు గుర్తు ముందు పడుతోంది, ముగ్గురూ కారణాలు ఏరుకుంటూ దాని వెనక పరుగెడుతున్నారు. దర్జీకి అయిదో గది ఎందుకు కాదు? పైలట్ పట్టుకున్నాడు. ముసలి దొరసానికి గొడుగు ఎందుకు లేదు? మాస్టారికి కూడా కొంత సమయం పట్టింది. దొరికింది. నలభై ఏళ్ళు బోర్డు ముందు నిలబడ్డానమ్మా, ఇంత శుభ్రమైన నడక చూడలేదు అన్నారు. ఒక్క అడుగు తప్పు లేదు. ఒక్క అడుగు ఎక్కువా లేదు.

సుద్దముక్క ఫోను మీదికి వంగింది. తన పేరుతో, తన రంగులో, తనకంటే ఎన్నో రెట్లు పెద్ద బుర్ర ఒకటి కదులుతోంది. ఎవరిది?

ఆ ప్రశ్న నోటిదాకా వచ్చేలోపు ఫోను మోగింది. అన్నయ్య.

అన్నయ్య కారులో ఉన్నాడు. పక్కన వదిన దారి చెబుతున్న మాట వినిపిస్తోంది. పొరుగూరి సంరక్షణ గృహంలో మంచం ఈ రోజే ఖాళీ అయిందట, సాయంత్రంలోగా చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. నాన్నని తీసుకెళ్ళడానికి వస్తున్నామన్నాడు.

“సోమవారం అనుకున్నాం కదా అన్నయ్యా.”

“ఏ వారమైతే ఏముందే. ఆయనకి ఎక్కడున్నా ఒకటే. తెలిసిన మనకే బాధ.”

పోయిన వారం సరేనని తల ఊపింది తనే. నాన్నకి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట మొత్తం పోయింది. మొదట్లో అన్నయ్య రోజూ మంచం పక్కన కూర్చుని, నేనెవర్ని నాన్నా, నా పేరు చెప్పు, అని అడిగేవాడు. నాన్న నోరు తెరిచేవాడు. ఏదో ఒక శబ్దం, ఎప్పుడూ ఒకే శబ్దం, బయటికొచ్చేది. అది ఎవరి పేరూ కాదు. ఒకరోజు తండ్రీ కొడుకులిద్దరూ అలా ఏడ్చాక అన్నయ్య అడగడం మానేశాడు, రావడమూ తగ్గించాడు. ఆయన శరీరమే ఇక్కడుంది, మనిషి లేడు అనడం అప్పుడే మొదలుపెట్టాడు. అలా అనుకుంటే కొంచెం తేలిక.

ఫోను పెట్టేసి ఆమె మళ్ళీ ముఠాలోకి వచ్చింది. ఓనరుతో తలనొప్పి అని చెప్పి చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. ఇల్లు రెండు వీధుల అవతల. నడుస్తూనే సంగతి చెప్పేసింది: ఎవరో తన పేరులోకి దూరారు, ఇంట్లో ఈ గొడవ, తాను వెళ్ళాలి.

“ఉండు పిల్లా,” అంది బేకరీ అక్క. “దొంగని పట్టకుండా వెళ్తావా? మనం ఉన్నదెందుకు?”

పేజీలో పేరు పక్కన చిన్నగా ‘ఇంటి ట్యాబ్’ అని ఉందని పైలట్ చూశాడు. అంటే బయటివాళ్ళెవరూ కాదు. దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఇంటి తాళాలు ఎవరి దగ్గరున్నాయని మాస్టారు అడిగారు. అన్నయ్య, వదిన, పగలు నాన్నని చూసుకునే ఆయమ్మ. ఇంకెవరి దగ్గరా లేవు.

అన్నయ్య స్టీరింగ్ ముందు ఉండి ఆమెతో మాట్లాడుతున్నంతసేపూ ఇంటూలు పడుతూనే ఉన్నాయి. వదిన అతని పక్కనే ఉంది. ఇద్దరికీ ఇంటూ. సుద్దముక్క ఆయమ్మకి ఫోను చేసి ముఠాకి కూడా వినిపించేలా పెట్టింది.

“ఆయమ్మా, ఇంట్లో ఎవరున్నారు?”

“ఎవరూ లేరమ్మా. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నా. ఏం?”

ఆమె ఆ మాట అంటున్నప్పుడే ఇంకో ఇంటూ పడిందని పైలట్ చెప్పాడు. ట్యాబ్ కింద ఉంది, ఆయమ్మ మేడ మీద ఉంది. ఆయమ్మకీ ఇంటూ.

“అయితే దెయ్యమే,” అన్నాడు పైలట్. “చదువుకున్న దెయ్యం.”

“దెయ్యం సంగతి తర్వాత,” అన్నారు మాస్టారు. “అందరికీ ఇంటూలు పడి ఎవరూ మిగలకపోతే దానర్థం ఒక్కటే. మనం ఎక్కడో తప్పు ఇంటూ పెట్టాం. వెనక్కి వెళ్ళి వెతకండి.”

సుద్దముక్క వీధి మలుపు తిరిగింది. ఇస్త్రీ బండి దాటింది. వెతకడానికి ఏముంది, ముగ్గురే కదా.

బేకరీ అక్క మెల్లిగా అడిగింది. “ట్యాబ్ ఏ గదిలో ఉంటుంది?”

“నాన్న గదిలో. కుర్చీ పక్కన స్టాండుకి.”

రోజూ సాయంత్రం ఆమె అక్కడే కూర్చుని ఆడుతుంది. గది మరీ నిశ్శబ్దంగా ఉంటుందని సూచనలు పైకి చదువుతుంది. గోడతో మాట్లాడినట్టే. పొద్దున హడావిడిలో ట్యాబ్ అలా తెరిచే వదిలేసింది.

“మరి నాన్నగారికి ఇంటూ ఎవరు పెట్టారు?”

“ఆయన సంగతి వదిలెయ్యండక్కా. ఆయనకి ఏమీ తెలీదు.”

“కారణం?”

సుద్దముక్క నడక ఆగిపోయింది. ఎన్నోసార్లు తను ఇతరులని నిలదీసిన మాట అది. ఇంత చిన్న మాట ఇంత బరువుంటుందని ఇప్పుడే తెలిసింది.

“డాక్టరు చెప్పారు.”

“ఏమని చెప్పారు? ఆయన మాటలే చెప్పు. నీ మాటలొద్దు.”

ఆమె గుర్తు చేసుకుంది. ఆస్పత్రి వరండా, పక్కన అన్నయ్య, డాక్టరు చేతిలో ఫైలు. ఈయనకి ఎంతవరకు అర్థమవుతోందో ఇప్పుడే చెప్పలేం, మళ్ళీ తీసుకురండి, చూద్దాం అన్నారు. మళ్ళీ తీసుకెళ్ళలేదు. కుర్చీలోంచి కారులోకి, కారులోంచి కుర్చీలోకి ఎందుకులే అనుకున్నారు.

“చెప్పలేం అన్నారు,” అంది సుద్దముక్క.

మాస్టారు ఊపిరి వదిలారు. “చెప్పలేం అంటే ఖాళీ గడి తల్లీ. ఇంటూ కాదు. ఏడాదిగా మీరంతా ఖాళీ గడిని ఇంటూ అనుకుని ఆడుతున్నారు.”

ఎండలో నిలబడి ఆమె ఫోను కళ్ళ ముందుకు తెచ్చుకుంది. పటం దాదాపు పూర్తయింది. అప్పుడు కనిపించింది, ఇంతసేపూ కళ్ళ ముందే ఉన్నది. ఆకుపచ్చలో ఒక్క టిక్కు కూడా లేదు. అన్నీ ఇంటూలే. జవాబు ఉండాల్సిన ప్రతి గడీ ఖాళీగా, శుభ్రంగా, ఏ గుర్తూ లేకుండా ఉంది.

నాన్న లిఫ్టు మెకానిక్.

లిఫ్టు ఆగిపోయిందంటే సాధారణంగా ఏదో ఒక అంతస్తు తలుపు సరిగ్గా అతుక్కోకపోవడమే కారణం. ఏ అంతస్తో బయటికి తెలీదు. నాన్న ఒక్కొక్క తలుపూ చూసుకుంటూ మెట్లు ఎక్కేవాడు. బడి సెలవుల్లో వెనక ఆమె, చేతిలో సుద్దముక్క. తలుపు బాగుంటే చెయ్యి చాచేవాడు, ఆమె సుద్ద అందించేది, ఆయన తలుపు మీద ఇంటూ పెట్టేవాడు. చెడిపోయినదాని మీద మాత్రం ఏమీ పెట్టేవాడు కాదు. దొంగని వెతక్కూడదే సుద్దముక్కా అనేవాడు. మంచివాళ్ళని పక్కన పెట్టుకుంటూ పో. గుర్తు లేకుండా మిగిలినదే దొంగ.

ఆమె మిగతా దారి పరుగెత్తింది.

గది గుమ్మంలో ఆగింది. నాన్న కుర్చీలో వీపు ఇటు పెట్టి ఉన్నాడు. ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద ఉంది. చాలాసేపు కదల్లేదు. తర్వాత, బావిలోంచి నిండు చేద లాగుతున్నట్టు, ఆ చెయ్యి మెల్లిగా లేచింది. వేలు వణుకుతూ గాల్లో ఒక చోట ఆగింది, కొంచెం పక్కకి జరిగింది, ట్యాబ్ అద్దాన్ని తాకింది. చెయ్యి తిరిగి పడిపోయింది. ఆమె చేతిలోని ఫోనులో ఆఖరి ఇంటూ పడింది.

“పటం నిండింది,” అన్నాడు పైలట్ చెవిలో.

ఆమెకి మొదట భయం వేసింది. ఏడాదిగా ఈ గదిలో ఏమేం మాట్లాడుకున్నారు? ఈ కుర్చీకి అటూ ఇటూ నిలబడి, ఆయన తల మీదుగా, మంచం ఖాళీల గురించి, ఎంతకాలం ఇలా అన్న దాని గురించి. ఒక్క ముక్క పోకుండా అన్నీ విన్న మనిషి, ఆమె చదివిన ప్రతి సూచనా విన్న మనిషి, తలుపు చెడిపోయిన లిఫ్టులో ఇరుక్కున్నట్టు తన లోపల తనే నిలబడి ఉన్నాడు. నిలబడి ఊరుకోలేదు. లోపలినుంచే ఒక్కొక్క అంతస్తూ చూసుకుంటున్నాడు.

కారు ఆగిన శబ్దమైంది. అన్నయ్య, వదిన లోపలికి వచ్చారు. వదిన అప్పటికే సర్దిపెట్టిన బ్యాగు అందుకోబోయింది.

“ఆగు వదినా,” అంది సుద్దముక్క. రొప్పుతూ జరిగింది చెప్పింది.

అన్నయ్య వినేసి, ట్యాబ్ వైపు చూసి, ముఖం తిప్పుకున్నాడు. “వేలు తగిలుంటుందే. ఆశ పెట్టుకోకు.”

ఆమె ఫోను స్పీకరులో పెట్టింది. మాస్టారు తనెవరో చెప్పుకున్నారు. “చూడు బాబూ, వేలు తగిలితే ఒకటో రెండో ఒప్పవుతాయి. తగిలిన ప్రతిదీ ఒప్పయితే దాన్ని తగలడం అనరు.”

“మీరు ఎవరో నాకు తెలీదు సార్. మా నాన్న నాకు తెలుసు,” అన్నాడు అన్నయ్య. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “పరీక్షలు నేను పెట్టి చూశాను. పేరు చెప్పమని అడిగి అడిగి ఏడిపించాను. మళ్ళీ ఏడిపించలేను.”

“చెప్పమని అడిగావు. కానివాటిని ఇంటూ పెట్టి కొట్టెయ్యమని అడగలేదు కదా,” అన్నారు మాస్టారు. “ఒక్క వరస. తప్పితే నేను నోరు మూసుకుంటాను. మీరు బయల్దేరండి.”

అన్నయ్య వదిన వంక చూశాడు. వదిన బ్యాగు కింద పెట్టింది.

ట్యాబ్‌లో పాత పటం పోయి కొత్తది వచ్చింది. ఒకటే వరస, అయిదు గడులు. పైన మాస్టారు రాసిన ప్రశ్న: ఆకుపచ్చ ఇంటూలు పెట్టిన దొంగ ఎవరు? గడుల మీద పేర్లు: అన్నయ్య, వదిన, ఆయమ్మ, సుద్దముక్క, నాన్న.

మేడ మీదినుంచి ఖాళీ బకెట్‌తో దిగి వచ్చిన ఆయమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

నాన్న కళ్ళు ప్రశ్న మీద నిలిచాయి. అన్నయ్య తనకి తెలియకుండానే కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. చెయ్యి లేచింది. ఆయమ్మ గడిలో ఇంటూ పడింది. చెయ్యి వాలింది, మళ్ళీ లేచింది. వదినకి ఇంటూ. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. సుద్దముక్క తుడవబోతే తల అడ్డంగా కదిలించాడు. అన్నయ్య గడి దగ్గర వేలు కొంచెం ఎక్కువసేపు నిలిచి, మెత్తగా, బిడ్డ బుగ్గ తాకినట్టు తాకింది. ఇంటూ. తర్వాత సుద్దముక్కకి ఇంటూ.

మిగిలింది ఒక్క గడి. చెయ్యి ఇంకోసారి లేచింది.

ఆ గడినీ కొట్టేస్తే ఇదంతా వేలి వణుకే, బ్యాగు కారెక్కుతుంది. వేలు తన పేరు మీదికి వచ్చి గాల్లో ఆగింది. ఆగి, తాకకుండా, వెనక్కి వెళ్ళిపోయింది. చెయ్యి కుర్చీ మీద వాలింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు, పని అయిపోయిన మనిషిలా.

“ఆ ఒక్కటీ వదిలేశారేం?” అని వదిన గుసగుసగా అడిగింది.

అన్నయ్యకి చెప్పనక్కర్లేకపోయింది. సుద్ద ఇంటూలున్న తలుపుల ముందు అతనూ పెరిగినవాడే. కుర్చీ ముందుకొచ్చి నేల మీద కూలబడ్డాడు. నాన్న ఎడమ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏడాది కిందట మానేసిన పని, మళ్ళీ అడగడం, ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు తడబడ్డాడు. తన పేరు మాత్రం అడగలేదు.

“నాన్నా,” అన్నాడు. “దొంగ ఎవరు?”

నాన్న కళ్ళు తెరిచాడు. నోరు తెరుచుకుంది. ఆ పాత శబ్దమే మొదట వచ్చింది, దాన్ని ఆయన తల విదిలించి పక్కకి తోశాడు. ఇంకొకటి వచ్చింది, దాన్నీ తోశాడు. కొట్టేసుకుంటూ వెళ్తున్నాడని సుద్దముక్కకి అర్థమై రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల ఉన్న మాటలన్నిటినీ ఒక్కొక్కటే పక్కన పెడుతూ, మెట్టు మెట్టుగా ఎక్కుతూ, మిగిలినదాని దగ్గరికి వస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. పెదాలు కలిసి విడిపోయాయి.

“దొం...గ,” అన్నాడు నాన్న. కొడుకు వంక చూశాడు, కూతురి వంక చూశాడు. కుడి పెదవి కదల్లేదు, ఎడమ పెదవి చివర మాత్రం నవ్వింది.

“నేనే.”